నేను రాయని రెండో మాట

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల కొండలు మొదలయ్యే చోట ఒక ఊరుంది. ఆ ఊళ్లో ఇస్తరాకులు కుట్టి బతికే ఒక ఆవిడ, అబద్ధం చెప్పిందన్న పేరును తన వాళ్లందరి ముందు ఏళ్ల తరబడి మోసింది. ఆ అబద్ధం ఆమెది కాదు, నాది. ఆ ఊరికి పోయి ఈ మాట ఒకసారి నోటితో చెప్పాను. నోటితో చెప్పింది చాలలేదు. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

నేను నంద్యాలలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. యాభై దాటాయి. ఇది జరిగినప్పుడు ఇంకా నలభైల్లో ఉన్నాను. పాఠాలు చెప్పడం తప్ప అడవిలో ఏ పనీ చేయలేదన్న చిన్నతనం నాకు ఉండేది. అప్పుడే ఒక కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఆ ఊరి పైన రెండు వాలులున్నాయి. మొదటి వాలులో పాత అడవిని అప్పటికే కొట్టేశారు, నీలగిరి తోట వేయడానికి. రెండోది కొట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. కొట్టినచోట ఏం పోయిందో, ఏం మిగిలిందో కొలిచి ఇమ్మన్నారు. ఆ కార్యాలయం పేరు చెప్పను. వాళ్లు నన్ను తప్పుడు రాతలు రాయమనలేదు. అడిగినవన్నీ సరైన ప్రశ్నలే. జవాబుల దగ్గర నేనే తప్పాను.

కొలవాల్సినవి రెండు. నేల మీద ఆకు ఎంత మేర కమ్ముకుని ఉంది అన్నది ఒకటి. చెట్టూ చేమా అన్నీ కలిపి బరువు ఎంత అన్నది రెండోది. రెండింటినీ వానాకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి కొలవాలి. చివరి పేజీలో ఊరివాళ్ల మాట రాసి, వాళ్ల చేత సంతకమో వేలిముద్రో వేయించాలి. ఆ పేజీ తలమీద ‘స్థానికుల సాక్ష్యం’ అని అచ్చు వేసి ఉంది.

వినాయక చవితి పోయిన వారం మొదటిసారి వెళ్లాను. ముందు కొట్టని వాలులోకి పోయాం. పొద్దున పదిగంటలప్పుడు కూడా లోపల చల్లగా, మసకగా ఉంది. మద్ది, ఏగి, టేకు, తునికి, మధ్యమధ్యలో మోదుగ. ఛాతీ ఎత్తున ప్రతి కాండానికీ టేపు చుట్టి చుట్టుకొలత రాసుకోవాలి. ఆ చుట్టుకొలత నుంచే బరువు లెక్కగడతారు. ఒక చిన్న తావుకే పూట పట్టింది. ఒక మద్దిమాను దగ్గర నా చెయ్యి అవతలికి అందక, సాయంగా వచ్చిన ఊరివాణ్ణి ఆ పక్క నిలబెట్టి టేపు అందుకోవాల్సి వచ్చింది.

మధ్యాహ్నం కొట్టిన వాలుకు వచ్చాం. బోడిగా ఉంటుందనుకున్నాను. కాని ఎక్కడా మట్టి కనపడనంత పచ్చగా ఉంది. కొట్టేసిన ప్రతి మొద్దు చుట్టూ గుబురుగా చిగుళ్లు లేచాయి. వాటి మధ్య పులికంప అనే ముళ్లపొద అల్లుకుంది, దాని మీదికి తీగలు పాకాయి. కొన్నిచోట్ల మనిషి తలను దాటిపోయింది. ఆకు కొలవడానికి నా దగ్గర గడులు గీసిన చిన్న అద్దం ఒకటి ఉండేది. దాన్ని మోచేతి ఎత్తున పట్టుకుని చూస్తే నెత్తిమీద ఉన్నదంతా అందులో కనిపిస్తుంది. ఎన్ని గడుల్లో ఆకుంది, ఎన్నింటిలో ఆకాశముంది అని లెక్కపెట్టాలి. మోచేతి కంటే ఎత్తు పెరిగింది పులికంపయినా, పాతమానైనా అద్దానికి ఒకటే. ఇక్కడా గడులు నిండాయి, అక్కడా నిండాయి. రెండు వాలులూ కాగితం మీద దాదాపు సమానంగా వచ్చాయి.

ఆ మధ్యాహ్నం టేపు నా జేబులోనే ఉండిపోయింది. చుట్టడానికి ఒక్క కాండం కూడా లేదు. ఇలాంటిచోట కంపను చిన్న చిన్న చదరాలుగా కోసి, ఆరబెట్టి, తూకం వేయాలి. కంప గీరుకుంటోంది, మబ్బు పట్టింది. ఎండాకాలం వచ్చినప్పుడు అదీ ఇదీ కలిపి చేద్దాంలే అనుకున్నాను.

దిగి వస్తుంటే ఊరి ఆడవాళ్లు నలుగురైదుగురు ఎదురయ్యారు. వాళ్లవి క్రైస్తవ కుటుంబాలు. మగవాళ్లు కూలికి పోతారు. ఆడవాళ్లు మోదుగాకు కోసుకొచ్చి, వెదురు పుల్లలతో ఇస్తర్లు కుట్టి ఆళ్లగడ్డ అంగళ్లకు వేస్తారు. అందరి నెత్తిమీదా ఆకుమోపులున్నాయి. అందరికంటే పెద్ద మోపు ఉన్నావిడ ముందు నడుస్తోంది. నాకంటే నాలుగేళ్లు పెద్దదై ఉంటుంది. చివరి పేజీ గుర్తొచ్చి ఆమెను ఆపాను.

“ఆకు ఎట్లుందమ్మా ఇప్పుడు?” అని అడిగాను.

“బాగుంది సార్. మునుపు దోటి ఏసి వంచుకుంటాంటిమి, మెడలు పట్టేసేవి. ఇప్పుడు చేతికే అందుతాంది. ఆకు కూడా చాటంత ఉండాది.”

వెనకనుంచి ఇంకొకావిడ అందుకుంది. “ఏమ్మే, చాటంత అని సెప్తావు, సార్ నిజంగా చాట అనే రాసుకుంటాడు. రేపు చాట తెచ్చి సూపీమంటే యాడ తెస్తావు?”

“నీ నోరంత అని రాసుకోమంటాలే. అది కొలవడానికి టేపు కూడా సాలదు.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆమె మోపు సర్దుకుంటూ, నా వైపు తిరిగి ఇంకో మాట చెప్పింది.

“ఇది ఈ మొద్దులుండేవరకే సార్. మొద్దులు పీకినారంటే ఇంగ ఆకు యాడిది?”

ఈ రెండు మాటల్లో నేను మొదటిదే రాశాను. ‘చెట్లు కొట్టిన తర్వాత ఆకు బాగుందని స్థానికులు తెలిపారు’ అని. ఆ పేజీలో మాట రాసే గడి చిన్నది, ఒక్క వాక్యమే పడుతుంది, నిజమే. కాని అసలు సంగతి అది కాదు. రెండో మాట జరిగినదాని గురించి కాదు, జరగబోయేదాని గురించి అనుకున్నాను. కొలతల నివేదికలో దానికి చోటు లేదనుకున్నాను.

“ఏం రాసినావు సార్?” అని అడిగింది, బొటనవేలికి సిరా పూసుకుంటూ.

“నువ్వు చెప్పిందేనమ్మా.”

చదివి వినిపించలేదు. ఆమె వేలు ఒత్తింది, మిగిలిన సిరాను మోపులో ఒక ఆకుకు తుడుచుకుంది.

ఆ ఊళ్లో ఆకు అంటే మోదుగాకు. ‘ఆకుకు పోతాండాం’ అంటే ఇస్తర్ల పనికి పోతున్నామని అర్థం. వేపది, చింతది ఆ లెక్కలోకి రావు, పులికంప ఆకును ఆకు అనే అనరు. ‘ఆకు బాగుంది’ అని ఆమె చెప్పింది తన పని గురించి. కొట్టిన మోదుగ మొద్దుల నుంచి వచ్చే చిగురుకు ఆకులు పెద్దవిగా ఉంటాయి, కిందనే ఉంటాయి. ఆ ఏడు నిజంగానే వాళ్లకు పని తేలికైంది. నా కాగితంలో ఆకు అంటే నేలను కమ్మే పచ్చదనం మొత్తం. ఆమె మాటను ఎత్తి నా అర్థంలో పెట్టాను. అక్షరం కూడా మార్చలేదు. అందుకే చాలాకాలం అది అబద్ధమని నాకు నేను ఒప్పుకోలేదు.

ఎండాకాలం వచ్చింది. నేను పోలేదు. జవాబు పత్రాలు దిద్దే పని నెత్తిమీద పడింది, ఎండ మండిపోతోంది. ఇవన్నీ నిజమే, కాని పోవడానికి నాకు ఒక ఆదివారం దొరక్కపోలేదు. ఈ అడవి ఎండాకాలంలో ఎలాగూ ఆకు రాలుస్తుంది, కొట్టినచోటా కొట్టనిచోటా అద్దంలో ఆకాశమే కనిపిస్తుంది, పోయి కొత్తగా తెలుసుకునేదేముంది అనుకున్నాను. ఆ తెలివి నన్ను ముంచింది. పోవాల్సింది అప్పుడే. ఆకు లేనప్పుడు ఒక వాలులో మానులు నిలబడి ఉండేవి, రెండో దాంట్లో మొద్దులూ ఎండిన కంపా తప్ప ఏమీ ఉండేది కాదు. టేపు, తూకం అక్కరలేదు. చూస్తే చాలు.

ఆకు కొలత దగ్గర ఎండాకాలం గడుల్లో వానాకాలం అంకెలనే కాస్త తగ్గించి రాశాను. బరువు దగ్గర ‘కొలత కొనసాగుతోంది’ అని రాశాను. ఏ కొలతా కొనసాగడం లేదు. చేతితో రాసిన ఆ రెండు ముక్కలు నేను జీవితంలో రాసిన అన్నింటికంటే చెడ్డవి.

నివేదిక చదివినవాళ్లకు అందులో నిండుగా కనిపించింది ఆకు లెక్క ఒక్కటే. కొట్టినా పచ్చదనం తగ్గలేదని నా అంకెలు చెప్పాయి. ఆకు బాగుందని ఊరావిడ వేలిముద్ర చెప్పింది. మరుసటి ఏడు రెండో వాలు కూడా కొట్టారు. రెండు వాలుల్లోకీ యంత్రాలు వచ్చి మొద్దులను వేళ్లతో సహా పీకేశాయి. వరుసలు వరుసలుగా నీలగిరి నాటారు.

ఆ తర్వాత జరిగింది నేను కళ్లతో చూడలేదు, విన్నాను. మోదుగ పోవడంతో ఆడవాళ్లు గుంపుగా పోయి అధికారిని అడిగారు. ఆయన ఫైలు తెరిచి చివరి పేజీ చదివి వినిపించాడు. “మీ ఊరామే చెప్పింది గదమ్మా, ఆకు బాగుందని” అన్నాడు, వేలిముద్ర చూపించాడు. ఆయన కాగితంలో ఉన్నదే చదివాడు.

మూడేళ్ల తర్వాత పిల్లలను విహారానికి తీసుకుపోతూ ఆ దారిలో బస్సు ఆపించాను. అప్పుడు చాట మాటతో ఎగతాళి చేసిన ఆవిడ రోడ్డుపక్క రాగి అంబలి అమ్ముతోంది. నన్ను గుర్తుపట్టలేదు. ఆకు మోపులు కనపడటం లేదే అని అడిగాను.

“ఆకు యాడిదప్పా ఇప్పుడు? ఆ పక్క కోయిలకుంట్ల దాంకా పోయి శనగ పీకుతాండాం. మాలో ఒకామె కాయితంలో ఏలు ఒత్తి మా నోట్లో మన్ను కొట్టె. ఆమెతో మేం మాట్లాడం.”

“ఆమె ఏం రాయించిందో మీకు తెలుసా?”

“రాసినోడు సదువుకున్నోడే గదా. లేనిది రాస్తాడా?”

నేను అంబలి తాగి, గ్లాసు కడిగి ఇచ్చి, బస్సెక్కాను. పిల్లలు పాటలు పాడుతున్నారు. ఆ రోజే చెప్పి ఉంటే ఆమెకు నాలుగేళ్లు మిగిలేవి.

ఆ నాలుగేళ్ల తర్వాత, పోయిన ఏడు, తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది. “సార్, అడవి కొట్టేసినా రెండేళ్లలో ఆకు కప్పు మళ్లీ వచ్చేస్తే, పోయింది మళ్లీ వచ్చినట్టే కదా?” నేను సుద్దముక్క తీసుకుని ఒక్క తడబాటు లేకుండా చెప్పాను. ఆకు వానకు వస్తుంది, కంపకూ వస్తుంది, తీగకూ వస్తుంది. కాని అడవి బరువులో ఆకు వంతు చాలా కొంచెం. మిగతాదంతా కాండంలో, కొమ్మల్లో, వేళ్లలో ఉంటుంది. అది కట్టడానికి చెట్టుకు మనిషి జీవితమంత కాలం పడుతుంది. ఆకును మాత్రమే కొలిచినవాడు అడవిని కొలిచినట్టు కాదు, అన్నాను. పిల్లలు రాసుకున్నారు. ఆ గంట ముగిశాక మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ముందు కార్యాలయానికి ఉత్తరం రాశాను. ఎండాకాలం కొలతలు తీయలేదని, బరువు అసలు కొలవలేదని, సాక్ష్యంలో సగమే రాశానని. జవాబు రాకపోతే స్వయంగా పోయాను. కుర్చీలో కొత్త మనిషి ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఆ పని పూర్తయింది, ఫైలు మూసేశారు, మూసిన ఫైల్లో మార్పులు చేసే అధికారం తనకు లేదు అన్నాడు. ఉత్తరం తీసుకుని వేరే కట్టలో పెట్టాడు.

తర్వాత ఆదివారం ఆ ఊరికి పోయాను. ఆమెను నేరుగా ఇంటి దగ్గర కలిస్తే చాలదనిపించింది. పేరు పోయింది అందరి ముందు. అందరూ కూడేది చర్చిలో. ఆరాధన మొదలుకాకముందే పాస్టరుగారిని కలిసి సంగతంతా చెప్పాను.

“ఆమెను అందరూ అబద్ధసాక్ష్యం అని ఎత్తిపొడిచినారు సార్” అన్నాడాయన. “మా ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటాది. దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకుంటారు. మునుపు ఆమె ప్రతి వారం చెప్పేది. ఆ కాయితం తర్వాత ఒక్కనాడూ లేవలేదు. వస్తాది, వెనక కూర్చుంటాది, పోతాది.”

నేను సాక్ష్యాల సమయంలో మాట్లాడవచ్చా అని అడిగాను.

“మీది సాక్ష్యం కాదు సార్, ఒప్పుకోలు. అయినా చెప్పండి.”

చాపల మీద ఒక పక్క మగవాళ్లు, ఒక పక్క ఆడవాళ్లు. ఆమె గోడ పక్కన, వెనక వరుసలో, చుట్టూ కొంచెం చోటు ఖాళీగా. జుట్టు బాగా తెల్లబడింది. నేను లేచి చెప్పాను. పాఠం చెప్పే గొంతు రాలేదు. అద్దం గురించి, ఎండాకాలం కొలతకు నేను పోకపోవడం గురించి చెప్పాను. ఆకు అన్న మాటకు వాళ్ల అర్థం వేరని తెలిసీ నా అర్థంలో రాసుకున్నానని చెప్పాను.

అంబలి అమ్మిన ఆవిడ మధ్యలోనే అడిగింది. “అయితే ఈమె ఆకు బాగుందని సెప్పలేదా సార్?”

“చెప్పింది. మీరూ ఉన్నారు అక్కడ. దాని తర్వాత ఇంకో మాట చెప్పింది. అది నేను రాయలేదు.”

“ఏం సెప్పింది?”

నేను నోరు తెరిచేలోపు ముందు వరుసలో కూర్చున్న ఒక ముసలావిడ, ఎవరి వైపూ చూడకుండా అంది. “మొద్దులుండేవరకే అనింది. నేనూ ఆడనే ఉంటి. నా సెవులతో ఇన్నా.”

“మరి ఇన్నేండ్లు సెప్పకపోతివే పెద్దమ్మా?” అంది అంబలావిడ.

“నువ్వూ ఇన్యావు. నువ్వు సెప్పినావా?” అంది ముసలావిడ. “ఆఫీసులో ఆయప్ప కాయితం సదివినాడు. అందులో లేదు. అందులో లేకపోయేసరికి, మనం ఇన్నది ఇన్నట్టే లేకపాయె.”

అంబలావిడ తల దించుకుంది. నేను అక్కడికి పోయింది నా తప్పు ఒప్పుకోవడానికే. కాని ఆ రోజు ఆమెతో పాటు నవ్విన నలుగురు, తమ చెవుల కంటే నా రాతను ఎక్కువ నమ్మి, తోటి మనిషిని ఏళ్లపాటు దూరంగా కూర్చోబెట్టారన్నది అక్కడే, వాళ్ల నోటే తెలుసుకున్నాను. ఆ చాపలమీద సిగ్గు నా ఒక్కడిదే కాకుండా పోయింది. దానివల్ల నా వంతు ఏమీ తగ్గలేదు.

పాస్టరుగారు ఆమె వైపు చూసి, “ఏమన్నా చెప్తావామ్మా?” అన్నారు.

ఆమె లేచింది. చెంగు సర్దుకుంది. “ఆకు బాగుందని నేను అనింది నిజమే. ఆ ఏడు బాగుండె. ఆ మాట నేను కాదనను” అంది. అంతే. కూర్చుంది. దేవుడి మేలు గురించి ఏమీ చెప్పలేదు. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక బయట చెప్పులు వేసుకుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది. నేను చేతులు జోడించాను. ఆమె అది చూడనట్టే ఉంది.

“మాకు సెప్పినావు, సరే. ఆ ఆఫీసులో సెప్పినావా?”

“చెప్పానక్కా. ఉత్తరం ఇచ్చాను. మూసేసిన ఫైలు మార్చలేమన్నారు.”

“అంటే నా ఏలిముద్ర ఆడ ఆ మాట కిందనే ఉంటాదా?”

“ఉంటుంది.”

“చించెయ్యకూడదా? రాసింది నువ్వే గదా.”

“అది ఇప్పుడు నాది కాదక్కా.”

ఆమె నన్నే చూసింది. కోపం కనపడలేదు. ఒక లెక్క తెగక అలసిపోయిన మనిషిలా చూసింది.

“మాట నాది, రాత నీది. ఇప్పుడు నాదీ కాకపోయె, నీదీ కాకపోయె. మరి ఆ కాయితం ఎవరిది సార్?”

చర్చి అరుగు మీద అంబలావిడ నిలబడి, పిలవాలా వద్దా అన్నట్టు ఇటే చూస్తోంది. చివరికి, “రా వదినా, అన్నం తిందాం రా” అంది, చిన్నగా. ఆమె వెంటనే పోలేదు.

“మళ్లా రావద్దు సార్,” అంది నాతో. “నువ్వొస్తే మళ్లా అదే మాట లేస్తాది.”

అని అరుగు వైపు నడిచింది. నేను మళ్లీ పోలేదు. నా ఉత్తరం ఆ కట్టలోనే ఉంది, ఆమె వేలిముద్ర ఆ ఫైల్లోనే ఉంది. ఆ రెండూ ఎప్పటికీ ఒకచోటికి రావు.